కొత్త తరహా ఎగిరే యంత్రాలకు నిబంధనల్లో చోటు: వర్గీకరణ ముసాయిదాను రాయడం, సవరించడం ఎలా

శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం తీరాన నిలబడి ఒక యంత్రాన్ని ఊహించుకోండి. దాని అడుగుభాగం పడవలా ఉంటుంది, పక్కల పొట్టివైన వెడల్పాటి రెక్కలుంటాయి, వెనుక రెండు ప్రొపెల్లర్లు తిరుగుతుంటాయి. అది నీటి మీద వేగం పుంజుకుని, అలలకు రెండు మూడు మీటర్ల పైన తేలుతూ భీమిలి వైపు సాగిపోతుంది. రెక్కలకూ నీటికీ నడుమ నొక్కుకుపోయే గాలి మీద ఆధారపడిన యంత్రం కాబట్టి అంతకంటే పైకి పోలేదు. దీనిని పడవ అనాలా, విమానం అనాలా? నడిపేవాడికి సరంగు ధ్రువపత్రం సరిపోతుందా, పైలట్ లైసెన్సు కావాలా?

ఈ ప్రశ్నకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో, అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఐఎంఓ కలిసి ఒక జవాబు చెప్పాయి. ఇలాంటి యంత్రాలను అవి ఏ, బీ, సీ అని మూడు రకాలుగా విడదీశాయి. నీటి ఉపరితలం ఇచ్చే ఆ ఊతం దాటి ఎగరడానికి అనుమతి లేనిది ‘ఏ’ రకం. కాసేపు ఆ ఊతాన్ని వదిలి పైకి లేచినా 150 మీటర్లు మించనిది బీ రకం. ఈ రెండూ నౌకల లెక్కలోకి పోతాయి. ఆ ఎత్తు దాటి ఎగరగలిగేది సీ రకం, దానికి విమానయాన నిబంధనలు వర్తిస్తాయి. రెక్కలున్నాయా, అడుగు పడవలా ఉందా అన్నది ఈ విభజనలో ఎవరూ అడగలేదని గమనించండి. మిగతా విమానాలు తిరిగే ఎత్తులోకి ఈ యంత్రం చొరబడుతుందా అన్నదే అడిగారు. వర్గీకరణ అంటే ఏ ప్రమాదానికి ఎవరు పూచీ పడాలో తేల్చడమేనని నేను అర్థం చేసుకున్నది ఇలాంటి ఉదాహరణల నుంచే. యంత్రానికి పేరు పెట్టడం ఆ పనిలో చివరి మెట్టు.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోని ఇంజనీరింగ్, న్యాయశాస్త్ర విద్యార్థులను, పొలాల్లో డ్రోన్లు నడిపే స్వయం సహాయక సంఘాలను, చిన్న తయారీదారులను ఉద్దేశించి దీనిని రాస్తున్నాను. భోగాపురం విమానాశ్రయం మన ముంగిటికి వచ్చింది. 2024 నుంచి పౌర విమానయాన శాఖ మంత్రిగా ఉన్న కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం ఎంపీ. మంత్రి మన జిల్లావారే కదా, ఒక మాట చెవిన వేస్తే సరిపోదా అని అడిగేవాళ్లు నాకు తరచూ తారసపడుతుంటారు. నిబంధన గెజిట్‌లో అచ్చయిన వాక్యంతో మారుతుంది కాబట్టి, ఆ వాక్యాన్ని ఎలా రాయాలో, ఇతరులు రాసినదాన్ని ఎలా సరిదిద్దాలో నేర్చుకోవడమే మనకు పనికొస్తుంది.

ఏ అంతస్తులో మార్పు కావాలో ముందు తేల్చుకోవాలి

విమానాలు, విమాన సంచారం రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో, 29వ అంశంలో ఉన్నాయి. కాబట్టి కలెక్టరు గారికో, రాష్ట్ర ప్రభుత్వానికో వర్గీకరణ మార్చమని అర్జీ పెట్టి ప్రయోజనం లేదు. కేంద్రంలో పై అంతస్తున భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024 ఉంది. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో ఇది 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని కింద నియమాలుంటాయి. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ నియమాలు, 2021 నాటి డ్రోన్ నియమాలు ఈ అంతస్తుకు చెందినవి. ఆ కింద పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, జారీ చేసే పౌర విమానయాన ఆవశ్యకతలు ఉంటాయి, వీటిని అందరూ సీఏఆర్‌లు అంటారు. అన్నిటికంటే అడుగున, ఒకే ఒక నమూనాకు టైప్ సర్టిఫికెట్, అంటే ఆ డిజైన్ సురక్షితమన్న ఆమోదం, ఇచ్చేటప్పుడు విధించే ప్రత్యేక షరతులు ఉంటాయి.

సమస్య తీరడానికి సరిపోయే అంతస్తుల్లో అన్నిటికంటే కింది దానిని ఎంచుకోవాలి. ఒకే కంపెనీ తెచ్చిన ఒకే నమూనా ఇబ్బంది పెడుతుంటే ప్రత్యేక షరతు చాలు. అదే తరహా నమూనాలు నాలుగైదు వరుసగా వస్తుంటే సీఏఆర్ కావాలి. లైసెన్సులు, రిజిస్ట్రేషన్, విమానాశ్రయ నియమాలు అన్నీ ఒకేసారి కదలవలసి వస్తేనే నియమాల జోలికి పోవాలి. ‘విమానం’ అన్న మాటకున్న మూల నిర్వచనమే యంత్రాన్ని పట్టుకోలేకపోతే తప్ప చట్టాన్ని ముట్టుకోకూడదు. యూరప్ విమాన భద్రతా సంస్థ ఈఏఎస్ఏ విద్యుత్తుతో నిలువుగా లేచే విమానాల విషయంలో సరిగ్గా ఇలాగే చేసింది. 2019 జులైలో ముందు ఒక ప్రత్యేక షరతుతో మొదలుపెట్టింది. తొమ్మిది ప్రయాణికుల సీట్లు, 3,175 కిలోల బరువు దాని హద్దులు. అనుభవం పెరిగాక 2024లో బరువు హద్దును 5,700 కిలోలకు పెంచింది. తప్పు చేసినా తేలికగా దిద్దుకోగలిగిన చోటనే తొలి ప్రయత్నం చేయడం వల్ల ఇది వీలైంది.

దేశం బయటి అంతస్తు కూడా ఒకటుంది. 1944 నాటి షికాగో ఒప్పందానికి అనుబంధాలున్నాయి. ఏడో అనుబంధంలో విమానాల వర్గీకరణ, ఎనిమిదో అనుబంధంలో ఎగరడానికి తగిన స్థితి, ఒకటో అనుబంధంలో సిబ్బంది లైసెన్సులు ఉంటాయి. మన నిబంధన వాటికి భిన్నంగా ఉంటే ఆ తేడాను 38వ అధికరణం ప్రకారం ఐకావోకు తెలియజేయాలి. సరిహద్దు దాటని పిచికారీ డ్రోన్లకు దీనితో పెద్ద పని ఉండదు కానీ, విదేశాలకు అమ్ముదామనుకునే తయారీదారు దీనిని మొదటి రోజే చూసుకోవాలి.

ఇప్పటి నిర్వచనం ఎక్కడ చిరుగుతుందో పట్టుకోవడం

ఐకావో నిర్వచనం ప్రకారం విమానం అంటే, భూతలం మీద గాలి చూపే ప్రతిచర్య వల్ల కాకుండా, గాలి ప్రతిచర్యల వల్ల వాతావరణంలో ఆధారం పొందగలిగే యంత్రం. మన 1934 చట్టం కూడా ఇదే మూలాన్ని పట్టుకుని, బెలూన్లు, ఎయిర్‌షిప్‌లు, గాలిపటాలు, గ్లైడర్లను పేరుపేరునా కలిపింది. సంక్రాంతికి మేడ మీద గాలిపటం ఎగరేసే పిల్లవాడు, అక్షరాలా చదివితే, ఎయిర్‌క్రాఫ్ట్ నడుపుతున్నట్టే లెక్క. ఇది నవ్వుకోవడానికి చెప్పడం లేదు. నిర్వచనం ఎంత దూరం వల విసిరిందో తెలియాలంటే ఇలాంటి అంచు ఉదాహరణలనే వేసి చూడాలి.

మా విజయనగరంలో విద్యార్థులకు నేనిచ్చే మొదటి అభ్యాసం సిరిమాను. పైడితల్లి అమ్మవారి పండగలో పూజారి పొడవాటి మాను కొసన కూర్చుని, జనం తలల మీదుగా గాలిలో ఊరేగుతారు. ఆయన గాలిలోనే ఉన్నారు, కదులుతున్నారు కూడా. మరి సిరిమాను విమానమా? కాదని అందరికీ తెలుసు, ఎందుకు కాదో ఒక్క వాక్యంలో చెప్పమంటేనే తడబడతారు. ఆయన బరువును మానూ బండీ మోస్తున్నాయి, గాలి మోయడం లేదు. నిర్వచనంలోని ‘గాలి ప్రతిచర్యల వల్ల ఆధారం’ అన్న ముక్క చేసే పని అదే. ‘భూతలం మీద ప్రతిచర్య వల్ల కాకుండా’ అన్న ముక్క, నేలకూ తనకూ నడుమ గాలి దిండు మీద తేలే హోవర్‌క్రాఫ్ట్‌ను బయటికి నెడుతుంది. మొదట మనం ఊహించుకున్న కళింగపట్నం యంత్రం సరిగ్గా ఈ రెండో ముక్క మీద కూర్చుంది. రెక్కలే దాన్ని మోస్తున్నాయి, నీరు దగ్గరగా లేకపోతే మాత్రం మోయలేవు. నిర్వచనంలోని ఏ ముక్క ఏ యంత్రాన్ని ఆపడానికి వచ్చిందో తెలుసుకున్నాకే దానిని కదపాలి.

నిర్వచనం చిరగడానికి చాలాసార్లు కారణం, రాసిన నాటి యంత్రం రూపాన్ని అందులో అచ్చుగుద్దడమే. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 2004లో ‘లైట్ స్పోర్ట్’ అనే వర్గాన్ని తెచ్చింది. గరిష్ఠ బరువు 600 కిలోల దరి, రెండు సీట్లు, రెక్కలు పట్టు కోల్పోయే వేగం 45 నాట్లు (గంటకు సుమారు 83 కిలోమీటర్లు) మించకూడదు అన్నవి దాని హద్దులు. వాటి పక్కనే ‘ఇంజను ఉంటే అది ఒకే ఒక పిస్టన్ ఇంజను అయి ఉండాలి’ అని కూడా రాశారు. ఆనాడు టర్బైన్లను దూరంగా ఉంచడానికి అది సహజమైన మాటగానే కనిపించి ఉంటుంది. తర్వాత విద్యుత్ మోటార్లు వచ్చాయి. వాటికి పిస్టన్ లేదు కాబట్టి, శబ్దం తక్కువగా ఉండి, కదిలే భాగాలు కూడా తక్కువగా ఉన్న విమానం ఆ తేలిక వర్గంలోకి అడుగుపెట్టలేకపోయింది. యూరప్‌లో పిపిస్ట్రెల్ వెలిస్ ఎలక్ట్రో అనే రెండు సీట్ల విద్యుత్ విమానానికి 2020 జూన్‌లోనే టైప్ సర్టిఫికెట్ దక్కింది. ఒక్క విశేషణం ఎంత పని చేస్తుందో చూడండి. మీ ముసాయిదాలో ఇంజను, రోటరు, చక్రం, పైలట్ వంటి భాగాల పేర్లు ఎక్కడ కనిపించినా కింద గీత గీసి, ఆ భాగం వల్ల వచ్చే ఏ ప్రమాదాన్ని ఆపడానికి ఆ మాట రాశామో పక్కన రాయండి. కారణం దొరకకపోతే ఆ మాటను కొట్టివేయవచ్చు.

ముసాయిదాను వెనుక నుంచి ముందుకు రాయడం

చాలామంది నిర్వచనంతో మొదలుపెట్టి బాధ్యతల దగ్గర ముగిస్తారు. నా సలహా దీనికి తిరగేసిన దారి. ఈ వర్గంలోకి వచ్చిన యంత్రానికి ఏమేమి వర్తిస్తాయో ముందు రాసుకోవాలి. పైలట్‌కు ఏ లైసెన్సు కావాలి, నిర్మాణాన్ని ఏ ప్రమాణంతో పరీక్షించాలి, నిర్వహణ ఎవరు చేయాలి, ఎంత ఎత్తుకంటే కిందికి రాకూడదు, గమ్యం చేరాక ఎంత ఇంధనం మిగలాలి, బీమా, రిజిస్ట్రేషన్ సంగతేమిటి అన్నవన్నీ ఒక కాగితం మీదికి రావాలి. ఆ తర్వాత, ఈ బాధ్యతలు న్యాయంగా ఎవరి మీద పడాలో వారిని మాత్రమే పట్టుకునేలా నిర్వచనం రాయాలి.

ఇంధనం ఒక్కటి తీసుకుంటే విషయం తేటపడుతుంది. అమెరికాలో పగటిపూట, కంటిచూపు మీద ఆధారపడి నడిపే రెక్కల విమానం గమ్యం చేరాక ఇంకా 30 నిమిషాలు ఎగరడానికి చాలినంత ఇంధనం ఉంచుకోవాలి. హెలికాప్టరుకు 20 నిమిషాలు చాలు, ఎందుకంటే అది దారిలో ఏ ఖాళీ జాగాలోనైనా దిగిపోగలదు. ఇప్పుడు నిలువుగా లేచి, రెక్కలతో ప్రయాణించి, మళ్లీ నిలువుగా దిగే బ్యాటరీ విమానం వచ్చింది. భోగాపురం నుంచి శ్రీకాకుళానికి వెళ్లే దారిలో దానికి పది నిమిషాల నిల్వ తేడా అంటే, మోయవలసిన బ్యాటరీ బరువులోనూ ఎక్కించుకోగలిగిన ప్రయాణికుల సంఖ్యలోనూ తేడా. దానిని రెక్కల విమానం అంటే 30, హెలికాప్టరు అంటే 20. ఎఫ్ఏఏ 2024 అక్టోబరులో తుది నియమం తెచ్చినప్పుడు ‘పవర్డ్ లిఫ్ట్’ అనే వర్గానికి విడిగా నియమాలు రాసి, దారి పొడవునా ఎక్కడైనా నిలువుగా దిగగలిగితే 20 నిమిషాల నిల్వ చాలంది. 20 నిమిషాలు ఎందుకు చాలునో ఆ కారణాన్నే అది షరతుగా మార్చింది. ముసాయిదా రాసేవాళ్లు ఈ పద్ధతిని అనుకరించాలి. పాత నిబంధనలో సంఖ్య ఎందుకు వచ్చిందో వెతికి, ఆ కారణాన్నే వాక్యంగా మలచాలి.

ఆ పవర్డ్ లిఫ్ట్ నిర్వచనాన్ని తెలుగులో పెడితే సుమారుగా ఇలా ఉంటుంది: నిలువుగా లేచి దిగేటప్పుడూ నెమ్మదిగా ఎగిరేటప్పుడూ ప్రధానంగా ఇంజను నడిపే సాధనాల మీద, అడ్డంగా సాగేటప్పుడు తిరగని రెక్కల మీద ఆధారపడే, గాలికంటే బరువైన వాయుయానం. మన డ్రోన్ నియమాలు 2021లోనే ‘హైబ్రిడ్’ అనే వర్గానికి దాదాపు ఇదే వాక్యాన్ని వాడాయి. ఈ వాక్యం యంత్రాన్ని దశలవారీగా చూస్తుంది, ఏ దశలో బరువును ఏది మోస్తోందో అడుగుతుంది. దీని బలం అక్కడే ఉంది. బలహీనత ‘ప్రధానంగా’ అన్న మాటలో ఉంది. రెక్కలు నలభై పాళ్లు, రోటర్లు అరవై పాళ్లు మోస్తే ఏం చేయాలి? నేనైతే ‘తయారీదారు పుస్తకంలో ప్రకటించిన ప్రయాణ వేగం వద్ద బరువులో సగానికి మించి’ అని కొలత చేర్చమని అడుగుతాను. కొలత లేని క్రియావిశేషణం కోర్టులో వాదనకు పనికొస్తుంది, హ్యాంగరులో యంత్రం ముందు నిలబడ్డ ఇన్‌స్పెక్టరుకు పనికిరాదు.

ఈ నిర్వచనంలో మరో మెలిక, అది రెక్కలు ఉండితీరాలంటుంది. రెక్కలు అసలే లేని బహురోటరు యంత్రం అందులో పడదు. చైనా 2023 అక్టోబరులో ఈహాంగ్ కంపెనీ తయారుచేసిన, 16 రోటర్లతో, రెండు సీట్లతో, లోపల పైలట్ లేకుండా ఎగిరే యంత్రానికి టైప్ సర్టిఫికెట్ ఇచ్చింది. అది డ్రోనా, హెలికాప్టరా, ఇంకేదైనానా? యూరప్ ప్రత్యేక షరతు రెక్కలుండాలని పట్టుబట్టదు, కాబట్టి అక్కడ రెక్కలు లేని యంత్రానికీ ద్వారం తెరిచే ఉంటుంది. ఒకే యంత్రం ఒక దేశంలో ఒక గూటిలో, మరో దేశంలో మరో గూటిలో పడటానికి ఇలాంటి ఒక్కొక్క పదమే కారణం.

గీత ఎక్కడ గీయాలి

గీత ఎక్కడ గీస్తే తయారీదారు యంత్రాన్ని అక్కడికే తెచ్చి ఆపుతాడు. మన డ్రోన్ నియమాల్లో బరువును బట్టి ఐదు తరగతులున్నాయి. 250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు సూక్ష్మ, 25 కిలోల వరకు చిన్న, 150 కిలోల వరకు మధ్యస్థ, ఆపైన పెద్ద. 500 కిలోలు దాటితే డ్రోన్ నియమాల పరిధి దాటి 1937 నియమాల్లోకి వెళ్తుంది. నెల్లిమర్ల వైపు వరి మీద మందు కొట్టే, పది లీటర్ల ట్యాంకున్న డ్రోన్లు చాలావరకు 25 కిలోల లోపే ఉంటాయి. ట్యాంకు పదిహేను లీటర్లు కాక పది లీటర్లే ఎందుకని రైతు అడిగితే, బ్యాటరీతో పాటు ఈ గీత కూడా జవాబులో భాగమే. ఆ 25 కిలోలు ఖాళీ యంత్రం బరువా, మందు నింపాక బరువా అన్న అనుమానం రాకుండా నియమం మోసే సరుకుతో కలిపిన మొత్తం బరువని తేల్చి చెప్పింది. ఇది మంచి రచన. సంఖ్య రాసిన ప్రతిచోటా ఏ స్థితిలో కొలవాలో కూడా రాయాలి.

అయితే బరువే సరైన కొలబద్ద అని ముందే అనుకోకూడదు. ఎఫ్ఏఏ 2025 జులైలో లైట్ స్పోర్ట్ వర్గాన్ని తిరగరాసినప్పుడు బరువు హద్దును ఎత్తివేసి, విమానాల విషయంలో రెక్కలు పట్టు కోల్పోయే వేగాన్ని ముఖ్యమైన కొలబద్దగా తీసుకుంది. ఫ్లాపులు దించి, దిగే స్థితిలో ఆ వేగం 61 నాట్లు, అంటే గంటకు సుమారు 113 కిలోమీటర్లు మించకూడదు. దీని వెనుక ఆలోచన స్పష్టం. నేలకు తగిలే వేళ వేగం ఎంత తక్కువైతే మనిషి బతికే అవకాశం అంత ఎక్కువ. 600 కిలోల గీత ఉన్నంతకాలం బలమైన చట్రం, అదనపు భద్రతా పరికరాలు పెట్టాలన్నా బరువు అడ్డొచ్చేది. భద్రత కోసం గీసిన గీతే భద్రతను కోసేసింది.

మరో కొలబద్ద, యంత్రం కింద ఎవరున్నారన్నది. యూరప్ షరతులో ‘ప్రాథమిక’, ‘ఉన్నత’ అని రెండు వర్గాలున్నాయి. జనం కిక్కిరిసిన ప్రాంతాల మీద ఎగిరినా, డబ్బు తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకున్నా ఉన్నత వర్గం తప్పదు. అందులో ఏదైనా ఒక భాగం పాడైనా ప్రయాణం కొనసాగించి క్షేమంగా దిగగలగాలి, ఘోర ప్రమాదానికి దారితీసే వైఫల్యం వంద కోట్ల గంటల ఎగురుదలలో ఒకటికి మించని స్థాయిలో ఉండాలి. ప్రాథమిక వర్గంలో అదుపు తప్పకుండా అత్యవసరంగా దిగగలిగితే చాలు. ఒకే యంత్రం రణస్థలం పొలాల మీద సొంతానికి ఎగిరితే ఒక వర్గం, విజయనగరం కోట కూడలి మీదుగా టిక్కెట్టు ప్రయాణికులతో ఎగిరితే మరో వర్గం. నాకు ఈ పద్ధతి న్యాయంగా తోస్తుంది. దీన్ని అమలు చేయడం మాత్రం కష్టమే, ఎందుకంటే ఇన్‌స్పెక్టరు యంత్రాన్ని చూసి వర్గం చెప్పలేడు, అది ఆ రోజు ఏం చేస్తోందో తెలుసుకోవాలి.

రాసింది పరీక్షించడం, పాతవారిని మధ్యలో వదలకపోవడం

ముసాయిదా సిద్ధమయ్యాక పది పన్నెండు యంత్రాలను దానిలో వేసి చూడండి. వాటిలో సగం మామూలువి, సగం వింతవి ఉండాలి. 2024 నవంబరులో విజయవాడ నుంచి శ్రీశైలానికి ప్రయోగాత్మకంగా ఎగిరిన సీప్లేన్, కొండ మీది గూడేనికి మందులు మోసే హైబ్రిడ్ డ్రోన్, తాడుతో నేలకు కట్టిన నిఘా డ్రోన్, పారామోటారు, కళింగపట్నం రెక్కల పడవ, గాలిపటం అందులో తప్పక ఉండాలి. ప్రతి యంత్రమూ సరిగ్గా ఒక గూటిలోనే పడాలి. రెండు గూళ్లలో పడితే ఏది పైచేయి అన్న వాక్యం కావాలి, ఏ గూటిలోనూ పడకపోతే అది ఎవరి దగ్గరికి వెళ్లాలన్న వాక్యం కావాలి. ఈ రెండో వాక్యాన్ని అందరూ మరచిపోతారు. దాని ధర ఎంతో ఏడబ్ల్యూ 609 అనే టిల్ట్‌రోటరు విమానం, అంటే రోటర్లను వంచి హెలికాప్టరులా లేచి విమానంలా సాగేది, చెబుతుంది. అది 2003లో తొలిసారి ఎగిరింది, 2025 నాటికి కూడా అమెరికాలో దాని టైప్ సర్టిఫికెట్ పూర్తి కాలేదు. ఆలస్యానికి కారణాలు చాలా ఉన్నా, సరిపోయే ప్రమాణం సిద్ధంగా లేకపోవడం వాటిలో ఒకటి.

అమలు తేదీల గురించి క్లుప్తంగా చెబుతాను. లైట్ స్పోర్ట్ సవరణలో పైలట్లకు సంబంధించిన భాగం 2025 అక్టోబరు 22 నుంచి, విమానాల ధ్రువీకరణ భాగం 2026 జులై 24 నుంచి అని రెండు తేదీలు పెట్టారు. తయారీదారుకు ఎక్కువ వ్యవధి కావాలి కాబట్టి ఇది సబబు. పవర్డ్ లిఫ్ట్ నియమానికి పదేళ్ల గడువు పెట్టి, ఆలోగా అనుభవాన్ని బట్టి శాశ్వత నియమం రాసుకునే వీలు ఉంచారు. మీ ముసాయిదాలో కూడా పాత ధ్రువపత్రం ఉన్నవారికి ఏమవుతుందో ఒక పేరా రాయండి. అప్పుచేసి డ్రోను కొన్న స్వయం సహాయక సంఘం మహిళకు వర్గీకరణలో అన్నిటికంటే ముఖ్యమైన పేరా అదే.

అభిప్రాయం పంపడం

డీజీసీఏ సీఏఆర్ ముసాయిదాను, అత్యవసరమైతే తప్ప, తన వెబ్‌సైట్‌లో 30 రోజులు ఉంచి అభ్యంతరాలు, సూచనలు కోరాలని 1937 నియమాల్లోని 133ఏ చెబుతుంది. ఈ గడువు మనకు చాలదనిపిస్తుంది, ఎందుకంటే ముసాయిదా తెలుగులో రాదు, చదివి అర్థం చేసుకునేసరికే పది రోజులు పోతాయి. అయినా ప్రజలు చెప్పిన మాట చెల్లుబాటైన సందర్భం మన కళ్లముందే ఉంది. 2021 మార్చి 12న మానవరహిత విమానాల నియమాలు వచ్చాయి. అవి మరీ బరువుగా ఉన్నాయని విమర్శలు వెల్లువెత్తాయి. అదే ఏడాది ఆగస్టు 25న వాటి స్థానంలో డ్రోన్ నియమాలు వచ్చాయి. ఫారాలు 25 నుంచి 5కు, రుసుముల రకాలు 72 నుంచి 4కు తగ్గాయి.

నేను మొదటిసారి పంపిన అభిప్రాయం రెండు పేజీల ఆవేదన. అందులో ఒక్క క్లాజు సంఖ్య కూడా లేదు, కాబట్టి దానిని ఎవరూ పట్టించుకోకపోవడంలో వింత లేదు. ఇప్పుడు ఒక్కో సూచనకు ఒక్కో పేరా రాస్తాను. అందులో క్లాజు సంఖ్య, ఇప్పుడున్న వాక్యం, దాని వల్ల ఎవరికి ఏ ఇబ్బంది, దాని స్థానంలో నేను కోరే వాక్యం వరుసగా ఉంటాయి. నాలుగోది లేని సూచన ఫిర్యాదుగా మిగిలిపోతుంది.

ఒక నమూనా చూడండి. డ్రోన్ నియమాల ప్రకారం, పనిచేస్తున్న విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్లు దాటి 12 కిలోమీటర్ల లోపు ఉన్న చోట 200 అడుగుల వరకు అనుమతి అడగనక్కరలేని ఆకుపచ్చ మండలం, ఆపైన పసుపు మండలం. పసుపు మండలంలో ఎగరాలంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. ‘పనిచేస్తున్న’ అన్న మాట వల్ల, విమానాశ్రయం మొదలైన రోజున భోగాపురం చుట్టుపక్కల ఊళ్ల ఆకాశం రంగు మారుతుంది. పైరు మీద కొన్ని మీటర్ల ఎత్తునే తిరిగే పిచికారీ డ్రోనుకు 200 అడుగుల గీతతో పేచీ లేదు, కానీ అదే చోట సర్వే డ్రోనుకూ మందులు మోసే హైబ్రిడ్ డ్రోనుకూ పేచీ ఉంది. 8 కిలోమీటర్ల లోపల అయితే డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ వేదికలో మ్యాప్ చూడకుండా ఎవరూ ఎగరవద్దు. ఇక్కడ నేను రాసే సూచన ఇలా ఉంటుంది: “కొత్త విమానాశ్రయం కార్యకలాపాలు మొదలయ్యే తేదీకి కనీసం 60 రోజుల ముందు, మారబోయే రంగు మండలాల మ్యాప్‌ను డిజిటల్ స్కై వేదికపై ప్రచురించి, ప్రభావిత గ్రామాల సచివాలయాల్లో స్థానిక భాషలో ప్రదర్శించవలెను.” ఇందులో ఎవరు, ఎప్పటిలోగా, ఎక్కడ, ఏ భాషలో అన్నవన్నీ ఉన్నాయి. అరవై రోజులు నా లెక్క. ఎవరైనా ముప్ఫై అంటే వాదించడానికి సిద్ధంగా ఉండాలి, అందుకు ఒక పంటకాలంలో పిచికారీలు ఎన్నిసార్లు పడతాయో మీ ఊరి లెక్కతో చూపాలి.

పంపిన ఈ-మెయిల్ ప్రతిని, ముసాయిదా పీడీఎఫ్‌ను ఒకే ఫోల్డరులో దాచుకోండి. గడువు ముగిశాక వెబ్‌సైట్ నుంచి ముసాయిదాను తీసివేయవచ్చు. తుది పాఠం వచ్చిన రోజున రెండింటినీ పక్కపక్కన పెట్టి, మీరు వేలెత్తి చూపిన క్లాజుల్లో ఏ మాట మారిందో, ఏ మాట అలాగే ఉందో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి. మారని వాటితో తదుపరి సవరణకు మీ మొదటి పేజీ సిద్ధంగా ఉంటుంది.